నేలలో కర్బనం, నత్రజని, పంట దిగుబడి: మూడింటినీ ఒకే మడిలో కొలిచి చూసే పద్ధతి

భూసార పరీక్ష పత్రంలో సేంద్రియ కర్బనం 0.4 శాతం అని వచ్చినప్పుడు, నాలుగేళ్లు పశువుల ఎరువు వేస్తే అది ఎంత పెరిగింది, ఆ పెరుగుదల వల్ల దిగుబడి ఎంత వచ్చింది అన్నది ఎలా తేల్చుకోవాలని రైతు ఉత్పత్తిదారుల సంఘాల వారు, వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ అధికారులు తరచుగా అడుగుతున్నారు. ఈ మార్గదర్శి వారి కోసమే. వర్షాధారపు చల్కా నేలలను, నల్లరేగడి నేలలను దృష్టిలో ఉంచుకొని దీనిని రాశాను.

మొదటే ఒక మాట గట్టిగా చెప్పాలి. కర్బనం ఒక పొలం నుంచి, నత్రజని మరో పత్రం నుంచి, దిగుబడి రైతు జ్ఞాపకం నుంచి తెచ్చి కలిపితే వచ్చే సంబంధానికి విలువ లేదు. మూడు అంకెలూ ఒకే మడి నుంచి రావాలి. మట్టి అంకెలు రెండూ ఒకే లోతుకు చెందినవై ఉండాలి.

1. పని మొదలుపెట్టే ముందు ప్రశ్నను తేల్చుకోండి

"ఎరువు వేస్తే దిగుబడి పెరుగుతుందా" అన్నది ప్రయోగానికి సరిపడే ప్రశ్న కాదు, ఎందుకంటే దానికి జవాబు అందరికీ తెలిసిందే. పశువుల ఎరువులో నత్రజని కూడా ఉంటుంది. కాబట్టి పెరిగిన దిగుబడి ఆ నత్రజని వల్ల వచ్చిందా, లేక కర్బనం పెరిగి నేల తేమను పట్టి ఉంచడం వల్ల, గుల్లబారడం వల్ల వచ్చిందా అన్నది అసలు ప్రశ్న.

దీనిని విడదీయాలంటే ఎరువు వేసిన చోటా, వేయని చోటా నత్రజనిని మూడు మోతాదుల్లో ఇచ్చి చూడాలి: సున్నా, సగం, పూర్తి సిఫార్సు. పూర్తి నత్రజని ఇచ్చినప్పుడు ఎరువు మడికీ, ఎరువు లేని మడికీ మధ్య తేడా మాయమైతే ఎరువు ప్రధానంగా నత్రజని ద్వారానే పనిచేసిందని అర్థం. పూర్తి మోతాదులో కూడా తేడా నిలిచి ఉంటే మరో కారణం ఉంది.

పంటగా మొక్కజొన్న గాని జొన్న గాని తీసుకోండి. వేరుశనగ, కంది, సోయా గాలిలోని నత్రజనిని తామే స్థిరీకరించుకుంటాయి కాబట్టి వాటితో నత్రజని స్పందనను కొలవబోతే ఫలితం అస్పష్టంగా వస్తుంది. కర్బనం ఒక్కదాన్నే చూడదలచుకుంటే వేరుశనగ బాగానే పనికివస్తుంది. అనంతపురం ఎర్ర నేలల్లో 1985లో మొదలైన దీర్ఘకాలిక ప్రయోగం వేరుశనగతోనే జరిగింది.

2. మడులు వేయడం

రెండు రకాల సేంద్రియ యాజమాన్యం, మూడు నత్రజని మోతాదులు, నాలుగు పునరావృత్తులు (మొత్తం అమరికను మళ్లీ వేయడం) కలిపి 24 మడులు అవుతాయి. మొక్కజొన్నను 60 సెం.మీ. సాళ్లలో విత్తితే 8 సాళ్లు, 7 మీటర్ల పొడవు ఉన్న మడి సరిపోతుంది. మధ్య దారులతో కలిపి సుమారు 1,200 చదరపు మీటర్లు, అంటే 30 సెంట్లు లేదా 12 గుంటల స్థలం కావాలి.

• వాలుకు అడ్డంగా నాలుగు వరుసలు గీయండి. ఒక్కొక్క వరుస ఒక పునరావృత్తి. పైవరుసకూ కింది వరుసకూ మట్టిలో తేడా ఉన్నా, ఒకే వరుసలోని మడులు ఇంచుమించు ఒకేలా ఉండాలి.
• ప్రతి వరుసను రెండు పెద్ద మడులుగా చేసి, ఎరువు దేనికి అన్నది చీటీ తీసి నిర్ణయించండి. ఒక్కో పెద్ద మడిలోని మూడు చిన్న మడులకు నత్రజని మోతాదులను కూడా చీటీలతోనే పంచండి.
• చిన్న మడుల మధ్య ఒక మీటరు, పెద్ద మడుల మధ్యా వరుసల మధ్యా రెండు మీటర్లు వదిలి గట్లు వేయండి.
• భాస్వరం, పొటాష్ అన్ని మడులకూ సమానంగా ఇవ్వండి. జింక్ లోపం ఉన్న నేల అయితే జింక్ సల్ఫేట్ కూడా అన్నింటికీ ఇవ్వాలి, లేకపోతే జింక్ చేసిన మేలు కర్బనం ఖాతాలో పడుతుంది.
• నాలుగు మూలలకూ రాళ్లు పాతి, పొలంలో కదలని గుర్తు నుంచి దూరాలు కొలిచి రాసుకోండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ట్రాక్టరుతో పొలమంతా ఒకేసారి దున్నడం. కల్టివేటరు మట్టిని ఒక మడి నుంచి పక్క మడికి లాగుతుంది. మూడు నాలుగేళ్లలో ఎరువు మడి మట్టి ఎరువు లేని మడిలోకి చేరి తేడాలు మసకబారుతాయి. ప్రతి మడినీ దాని పొడవు వెంట విడిగా దున్నాలి, మడి దాటేటప్పుడు నాగళ్లను ఎత్తాలి. కోతకు మడి అంచు సాళ్లను వదిలేయడానికి ఇదీ ఒక కారణం.

3. మట్టి నమూనా తీయడం

ఈ పనిలో జరిగిన తప్పును తర్వాత ఏ ప్రయోగశాలా సరిదిద్దలేదు. అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

కావలసినవి:
• ఆగర్ (మట్టిని తొలిచి తీసే సాధనం), పార, చిన్న తాపీ, కొలబద్ద
• రెండు శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్లు (ఎరువు మోసినవి వద్దు)
• గుడ్డ సంచులు లేదా మందపాటి పాలిథీన్ సంచులు, పెన్సిలుతో రాసిన చీటీలు
• 2 మి.మీ. జల్లెడ, చెక్క సుత్తి, పాత దినపత్రికలు
• నైట్రేట్ పరీక్ష కూడా చేయించదలచుకుంటే మంచుగడ్డల పెట్టె

మొదటి నమూనా ఎరువు వేయకముందే తీయాలి. ఎరువు వేశాక తీసిన నమూనాను "ఆరంభ స్థితి"గా రాసుకుంటే ప్రయోగమంతా ఆ తప్పు మీదనే నిలబడుతుంది. ప్రతి ఏడూ అదే దశలో, ఉదాహరణకు పంట కోశాక నేలలో పదును ఉండగానే, తీయండి. ఒక ఏడు వేసవిలో, మరో ఏడు తొలకరి తర్వాత తీసిన అంకెలను పక్కపక్కన పెట్టకూడదు. ఎండి ఉన్న నేల తొలి వానకు తడవగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా చురుకై నైట్రేట్ విడుదల చేస్తాయి. ఆ వారం రోజుల అంకె ఏడాది మొత్తానికి ప్రతినిధి కాదు.

పొలం మొత్తానికి ఒక నమూనా కావాలంటే జిగ్‌జాగ్‌గా నడుస్తూ 15 నుంచి 20 చోట్ల V ఆకారపు గుంత 15 సెం.మీ. లోతున తవ్వి, గుంత గోడ వెంట పైనుంచి కింది దాకా రెండు మూడు సెంటీమీటర్ల మందంతో ఒకే పొరగా మట్టిని చెక్కి తీస్తారు. మన చిన్న మడుల్లో అలా గుంతలు తవ్వితే మడి పాడవుతుంది. అందువల్ల ఆగర్‌తో మడికి ఐదు చోట్ల, సాళ్ల మధ్యన తీయండి. 0–15, 15–30 సెం.మీ. లోతులకు వేర్వేరు బకెట్లు వాడండి.

ఆగర్ దించే ముందు పైన పడి ఉన్న ఆకులను, చొప్ప ముక్కలను చేత్తో పక్కకు తీయాలి, కాని మట్టిని గీకకూడదు. కర్బనం అధికంగా ఉండేది ఆ పై రెండు సెంటీమీటర్లలోనే. గట్ల పక్కన, చెట్ల నీడలో, ఎరువు కుప్పలు పోసిన చోట, పశువులను కట్టిన చోట తీయవద్దు.

బకెట్‌లోని మట్టిని కాగితం మీద గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని తీసివేయండి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి, అర కిలో మిగిలే వరకు ఇలాగే చేయండి. నీడలో ఆరబెట్టి, చెక్క సుత్తితో మెల్లగా చితక్కొట్టి జల్లెడ పట్టండి. జల్లెడ మీద మిగిలిన గులకరాళ్లను పారేయకండి. తూకం వేసి, మొత్తం మట్టిలో వాటి శాతం రాసుకోండి. చల్కా నేలల్లో ఈ శాతం కర్బనం లెక్కను బాగా మార్చగలదు, ఎందుకంటే పరీక్ష జరిగేది సన్న మట్టి మీద, లెక్క కట్టేది రాళ్లతో సహా ఉన్న పొలానికి.

ప్రతి నమూనాలో పావు కిలో మట్టిని మూత బిగించిన సీసాలో దాచండి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి సాగుతున్న బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగపు పాత మట్టిని ఈనాటికీ కొత్త పరికరాలతో పరీక్షించగలుగుతున్నారంటే, నమూనాలను దాచి ఉంచడం వల్లనే.

4. నేల సాంద్రత కొలవడం

చాలామంది వదిలేసే మెట్టు ఇది. కర్బనం శాతంలో తెలిస్తే చాలదు, హెక్టారుకు ఎన్ని టన్నులో తెలియాలి. అందుకు సాంద్రత తప్పనిసరి.

5 సెం.మీ. వ్యాసం, 5 సెం.మీ. ఎత్తు ఉన్న ఇనుప గొట్టం తీసుకుంటే దాని ఘనపరిమాణం 98 ఘన సెం.మీ. నేల పదునుగా ఉన్నప్పుడు దాన్ని మట్టిలోకి నిటారుగా దించి, చుట్టూ తవ్వి కదలకుండా తీసి, రెండు కొనలనూ కత్తితో సమం చేయండి. ఆ మట్టిని 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఓవెన్‌లో ఆరబెట్టి తూచండి. 147 గ్రాములు వస్తే సాంద్రత ఘన సెం.మీ.కు 1.50 గ్రాములు. ప్రతి లోతు పొర మధ్యలో, మడికి కనీసం మూడు చోట్ల తీయాలి.

నల్లరేగడిలో వేసవి నెర్రెలు విచ్చినప్పుడు ఈ కొలత పనికిరాదు. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. కనుక ఏటా ఇంచుమించు ఒకే తేమ వద్ద కొలవాలి, ఆ తేమ శాతాన్ని కూడా రాసుకోవాలి.

5. ప్రయోగశాలలో కర్బనం

వాక్లీ–బ్లాక్ పద్ధతి మన ప్రయోగశాలల్లో అందుబాటులో ఉంది. 0.2 మి.మీ. జల్లెడ పట్టిన ఒక గ్రాము మట్టికి ఒక నార్మల్ (1N) గాఢత గల పొటాషియం డైక్రోమేట్ ద్రావణం 10 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. కలిపి 30 నిమిషాలు ఉంచుతారు. తర్వాత 200 మి.లీ. నీరు, 10 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైల్ అమీన్ సూచిక కలిపి, 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో రంగు నీలి ఊదా నుంచి ఒక్కసారిగా మెరిసే ఆకుపచ్చకు మారే వరకు అంశమాపనం (టైట్రేషన్) చేస్తారు. మట్టి లేకుండా ఇదే పని చేసిన ఖాళీ పరీక్ష ప్రతి విడతలోనూ ఉండాలి.

ఆమ్లం పోసిన కాసేపటికే ద్రావణం ఆకుపచ్చగా మారితే డైక్రోమేట్ అంతా ఖర్చయిపోయిందని గుర్తు. అర గ్రాము మట్టితో మళ్లీ చేయాలి.

ఒక ఉదాహరణ చూడండి. ఖాళీ పరీక్షకు 20.0 మి.లీ., మట్టికి 17.4 మి.లీ. ఖర్చయితే కర్బనం 0.39 శాతం. ఈ పద్ధతి సగటున 77 శాతం కర్బనాన్ని మాత్రమే ఆక్సీకరిస్తుంది కాబట్టి 1.3తో హెచ్చిస్తే 0.51 శాతం. 0.5 కంటే తక్కువ ఉంటే "తక్కువ", 0.5–0.75 ఉంటే "మధ్యస్థం" అన్న వర్గీకరణలో ఈ ఒక్క గుణకం వల్ల మీ మట్టి ఒక మెట్టు ఎక్కుతుంది. నివేదికలో గుణకం కలిపారో లేదో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఒక ఏడు కలిపి, మరో ఏడు కలపకుండా వచ్చిన అంకెలను పోల్చి "కర్బనం పెరిగింది" అని సంబరపడిన సందర్భాలు తక్కువేమీ కాదు.

మట్టిని కాల్చి కర్బనం కొలిచే యంత్రంతో పరీక్ష చేయిస్తే మరో జాగ్రత్త కావాలి. నల్లరేగడిలో సున్నపు గుళ్లు ఉంటాయి. వాటిలోని కర్బనం సేంద్రియం కాదు. ఆమ్లంతో దాన్ని ముందే తొలగించాలి, లేదా విడిగా కొలిచి తీసివేయాలి.

నాణ్యత కోసం:
• ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండుగా చేసి, వేర్వేరు నంబర్లతో పంపండి.
• ఒకే చోటి మట్టిని ఐదు కిలోలు సిద్ధం చేసి పెట్టుకొని, ప్రతి విడతలోనూ కొంత కలిపి పంపండి. దాని అంకె ఏటేటా మారుతుంటే మారింది ప్రయోగశాల కొలతే.

6. ఏ నత్రజనిని కొలుస్తున్నారు?

మొత్తం నత్రజనిని జెల్డాల్ పద్ధతిలో కొలుస్తారు. కర్బన–నత్రజని నిష్పత్తి కట్టడానికి కావలసింది ఇదే. సాగు నేలల్లో ఆ నిష్పత్తి సాధారణంగా 10–12 దగ్గర ఉంటుంది. 25 వచ్చిందంటే నమూనాలో కుళ్లని చెత్త గాని, సున్నం గాని చేరి ఉంటుంది.

క్షార పర్మాంగనేట్ పద్ధతిలో వచ్చేది లభ్య నత్రజని. హెక్టారుకు 280 కిలోల లోపు తక్కువ, 280–560 మధ్యస్థం, ఆ పైన ఎక్కువ. ఎరువుల సిఫార్సుకు దీన్ని వాడతారు. నైట్రేట్, అమ్మోనియం రూపంలో ఉన్నది పంట అప్పటికప్పుడు తీసుకోగలిగిన నత్రజని. దీనికి తాజా మట్టే కావాలి. మంచుగడ్డల పెట్టెలో తెచ్చి, అదే రోజు రెండు మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో వడగట్టాలి, లేదా గడ్డకట్టించి ఉంచాలి. ఆరబెట్టిన మట్టిలో చూసిన నైట్రేట్ అంకెను నమ్మవద్దు.

ఒక ఉచ్చును ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని చోట్ల లభ్య నత్రజనిని విడిగా కొలవకుండా, సేంద్రియ కర్బనం అంకె నుంచే అంచనా కట్టి పత్రంలో రాస్తారు. అలాంటి పత్రాలను పోగుచేసి కర్బనానికీ నత్రజనికీ సంబంధం గీస్తే గీత అద్భుతంగా కుదురుతుంది, కాని ఒకే అంకెను రెండుసార్లు గీసినట్టే అవుతుంది. నత్రజనిని నిజంగా కొలిచారా అన్నది పరీక్షకు ఇచ్చే ముందే తెలుసుకోండి.

7. శాతాన్ని టన్నుల్లోకి మార్చడం

సూత్రం సులువు: కర్బనం శాతం × సాంద్రత × లోతు (సెం.మీ.లలో) = హెక్టారుకు టన్నులు. గులకరాళ్లు ఉంటే వాటి వాటా తీసివేయాలి.

ఆరంభంలో 0.40 × 1.50 × 15 = 9.0 టన్నులు అనుకుందాం. ఐదేళ్ల తర్వాత కర్బనం 0.45 శాతం, ఎరువు వల్ల నేల గుల్లబారి సాంద్రత 1.40. అప్పుడు 0.45 × 1.40 × 15 = 9.45 టన్నులు. పెరిగింది 0.45 టన్ను మాత్రమేనా?

కాదు. మొదట 15 సెం.మీ.లలో హెక్టారుకు 2,250 టన్నుల మట్టి ఉంటే, ఇప్పుడు అదే లోతులో 2,100 టన్నులే ఉంది. మిగతా 150 టన్నుల మట్టి దాని కింది పొరలో ఉంది. ఆ పొరలో కర్బనం 0.35 శాతం ఉంటే 0.52 టన్ను కలపాలి. మొత్తం 9.97 టన్నులు, అసలు పెరుగుదల 0.97 టన్ను. పాత సాంద్రతనే వాడి ఉంటే 10.1 అని వచ్చేది. కింది పొర నమూనా కూడా తీయమన్నది ఇందుకే.

8. ఎరువు, చొప్ప వేసేటప్పుడు నత్రజని లెక్క

ఎరువును తూచి వేయండి. హెక్టారుకు 5 టన్నుల చొప్పున 33.6 చదరపు మీటర్ల మడికి 16.8 కిలోలు. ఒక కిలో ఆరబెట్టి తేమ తీసి చూడండి, కర్బనం, నత్రజని పరీక్షకు కొంత పంపండి. పేడకుప్పలో మన్ను కలిసి ఉంటే బండెడు ఎరువులో కర్బనం మీరనుకున్నదానిలో సగం కూడా ఉండకపోవచ్చు.

ఎరువుకు బదులు మొక్కజొన్న చొప్ప కలియదున్నే వారు ఈ లెక్క చూసుకోవాలి. హెక్టారుకు వేసే 5 టన్నుల ఎండు చొప్పలో దాదాపు 2,000 కిలోల కర్బనం, కర్బన–నత్రజని నిష్పత్తి 60 అయితే 33 కిలోల నత్రజని ఉంటాయి. సూక్ష్మజీవులు ఆ కర్బనంలో 30 శాతం తమ దేహంలో కలుపుకుంటే, ఆ 600 కిలోలకు 10:1 నిష్పత్తిలో 60 కిలోల నత్రజని కావాలి. తక్కువ పడిన 27 కిలోలను అవి మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్క పసుపు పచ్చబడేది అప్పుడే. ఆ నత్రజని నేలను విడిచి పోదు, తర్వాత తిరిగి వస్తుంది, కాని ఈ పంటకు అందదు.

పరిష్కారాలు:
• చొప్పను విత్తనానికి కనీసం నెల ముందు, పదును ఉండగా కలియదున్నండి.
• గ్లైరిసిడియా కొమ్మల వంటి నత్రజని ఎక్కువ ఉన్న పచ్చిరొట్టను దానితో కలపండి.
• లేదా లోటులో కొంత మేరకు యూరియా ముందే ఇవ్వండి. 45 కిలోల బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని ఉంటుంది. హెక్టారుకు 27 కిలోల లోటంటే ఎకరాకు సుమారు అర బస్తా. ప్రయోగ మడుల్లో ఇలా ఇస్తే దాన్ని ఆ మడి నత్రజని ఖాతాలో రాయాలి.

9. దిగుబడిని తూచడం

మధ్య నాలుగు సాళ్లను, రెండు కొనల్లో ఒక్కొక్క మీటరు వదిలి కోయండి. అది 2.4 × 5 మీటర్లు, అంటే 12 చదరపు మీటర్లు. ఈ నికర మడి కంకులను విడిగా కట్టి, విడిగా నూర్చండి. తూకం వేసిన వెంటనే తేమ మీటరుతో గింజ తేమ చూడండి.

20 శాతం తేమతో 6.6 కిలోలు వస్తే, 14 శాతం తేమకు 6.6 × 80 ÷ 86 = 6.14 కిలోలు. హెక్టారుకు 5,116 కిలోలు, ఎకరాకు సుమారు 20.7 క్వింటాళ్లు. తేమ సవరించకపోతే ఆలస్యంగా పండిన మడికి లేని దిగుబడి వచ్చి చేరుతుంది. నత్రజని బాగా అందిన మడులే తరచుగా పచ్చగా ఎక్కువ రోజులు నిలుస్తాయి కాబట్టి ఈ తప్పు ఎప్పుడూ ఒకవైపుకే మొగ్గుతుంది.

చొప్పను కూడా తూచండి. గింజ, చొప్పల నమూనాలలో నత్రజని పరీక్ష చేయిస్తే పంట ఎంత తీసుకుందో తెలుస్తుంది. మొక్కలు పడిపోయినా, పందులు తిన్నా, కత్తెర పురుగు తగిలినా అదే రోజు మడి నంబరుతో రాయండి.

10. అంకెలను కలిపి చదవడం

మొదట మడుల సగటులను, సి.డి. (క్రిటికల్ డిఫరెన్స్, అంటే తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఉండాల్సిన కనీస విలువ) అంకెను చూడండి. తేడా సి.డి. కంటే తక్కువ ఉంటే ఆ ఏడు దాని గురించి ఏమీ చెప్పవద్దు. తర్వాత ఎరువు ఉన్న, లేని మడుల నత్రజని స్పందనను ఒకే కాగితం మీద రెండు గీతలుగా గీయండి. గీతలు పూర్తి మోతాదు వద్ద కలిశాయా, విడిగా ఉన్నాయా అన్నదే మొదటి మెట్టులోని ప్రశ్నకు జవాబు.

కర్బనం పెరిగితే దిగుబడి పెరుగుతుంది. దిగుబడి పెరిగితే వేళ్లు, మోళ్లు ఎక్కువై కర్బనం కూడా పెరుగుతుంది. ఏది ముందో కలగలవకుండా ఉండాలంటే ఒక పంట దిగుబడిని ఆ పంటకు ముందు (అంటే అంతకు ముందటి కోత తర్వాత) తీసిన కర్బనంతో పోల్చండి, ఆ పంట కోత తర్వాత తీసినదానితో కాదు. వాన బాగా పడిన ఏళ్లను, బెట్ట ఏళ్లను విడివిడిగా చూడండి. తేమ ద్వారా కర్బనం చేసే మేలు బెట్ట ఏళ్లలోనే స్పష్టంగా బయటపడుతుంది.

ఇతరుల అంకెలను గుణకాలుగా వాడకండి. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో అప్పట్లో శాస్త్రవేత్తగా ఉన్న చెరుకుమల్లి శ్రీనివాసరావు, సహచరులు దేశంలోని వర్షాధార దీర్ఘకాలిక ప్రయోగాలను విశ్లేషించినప్పుడు, వేరు మండలంలో హెక్టారుకు ఒక టన్ను కర్బనం పెరిగితే దిగుబడి వేరుశనగకు 13 కిలోలు, జొన్నకు 90, రాగికి 101, వరికి 160 కిలోలు పెరిగినట్టు తేలింది. పంట మారితే అంకె పదింతలు మారుతోంది. మీ నేలకు మీ అంకెను మీరే కొలుచుకోవాలి.

ఎన్నాళ్లకు తేడా కనిపిస్తుంది? పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్లరేగడిలో 1976 నుంచి సాగిన పోలికలో, మెరుగైన జొన్న–కంది పద్ధతి పాత పద్ధతి కంటే ఏటా హెక్టారుకు సుమారు 335 కిలోల కర్బనాన్ని అదనంగా నిలిపింది, అదీ 120 సెం.మీ. లోతు వరకు. 15 సెం.మీ. పై పొరలో ఒక టన్ను కర్బనం పెరిగినా శాతంలో కనబడేది 0.04 మాత్రమే. అది ప్రయోగశాల లోపంలో ఇట్టే మునిగిపోతుంది. కాబట్టి దిగుబడి, నత్రజని ఏటా రాసుకోండి. కర్బనాన్ని ఆరంభంలోనూ, ఆపై ఐదేళ్లకూ పోల్చండి.

ఐదేళ్లయినా మార్పు లేకపోతే ముందుగా నేలలోకి చేరిన కర్బనాన్ని లెక్కించండి. అనంతపురం ప్రయోగంలో నేల కర్బనం తగ్గకుండా నిలబడటానికే, బయటి నుంచి వేసినదీ పంట వదిలినదీ కలిపి, ఏటా హెక్టారుకు 1.12 టన్నుల కర్బనం అవసరమైంది. 40 శాతం కర్బనం ఉన్న ఎండు పదార్థంగా చూస్తే అది 2.8 టన్నులు. మీ మడిలో చేరింది అంతకంటే చాలా తక్కువైతే మోతాదు పెంచండి. సరిపడా చేరినా పెరగకపోతే నత్రజనిని చూడండి. మట్టిలో ఒక టన్ను కర్బనం స్థిరపడటానికి దాదాపు 80 నుంచి 100 కిలోల నత్రజని దానితో పాటు బంధింపబడాలి. సున్నా నత్రజని మడుల్లో కర్బనం కదలక, పూర్తి మోతాదు మడుల్లో పెరిగి ఉంటే లోపం ఎక్కడుందో ఆ మడులే చెబుతాయి. అప్పుడు తర్వాతి ఖరీఫ్‌కు ఒక పప్పుధాన్యపు పంటను మార్పిడిలో పెట్టి, అవే మడుల్లో, అవే గుర్తుల వద్ద కొలతలు కొనసాగించండి.